చక్రాల మీద డ్యాన్స్.. ఒకే ఆసియా క్రీడల్లో రెండు పతకాలు: ఎవరీ అనూప్ కుమార్ యామ? స్కేటింగ్ ఫ్యాన్స్‌కి ఎందుకంత ఇష్టం?

హైదరాబాద్ స్కేటర్. 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ క్రీడల్లో ఆయన ఆటే లేదు. అయినా 2015లో అర్జున అవార్డు వచ్చింది. అసలు ఈ ఆట ఏంటి? నల్గొండ, పాలమూరు పిల్లలకి ఇందులో దారి ఉందా? ఈజీగా అర్థమయ్యేలా చూద్దాం.

ఫిగర్ స్కేటింగ్ అనగానే మనకి ఫోన్లో చూసిన వీడియోలే గుర్తొస్తాయి. తెల్లటి మంచు, తళతళలాడే డ్రెస్సులు, గాల్లోకి లేచి గిర్రున తిరిగే స్కేటర్లు. ఎండాకాలం వస్తే నిప్పులు కురిసే మన దిక్కు ఇదంతా ఎక్కడ కుదురుతుందని అనుకుంటాం. కానీ ఇదే ఆటని మంచు లేకుండా, చక్రాల మీద కూడా ఆడతారు. దాని పేరు ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్. అందులో ఇండియాకి ఆసియా క్రీడల పతకం తెచ్చింది మన హైదరాబాద్‌కి చెందిన అనూప్ కుమార్ యామ.

గ్వాంగ్‌జౌలో ఏం జరిగింది?

చైనాలోని గ్వాంగ్‌జౌలో 2010 నవంబర్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. రోలర్ స్పోర్ట్స్‌ని ఆసియా క్రీడల్లో చేర్చడం అదే ఫస్ట్ టైమ్. పురుషుల సింగిల్స్ ఫ్రీ స్కేటింగ్‌లో అనూప్ కాంస్యం గెలిచారు. అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఇంకో కాంస్యం తెచ్చారు. అంటే ఈ ఆట ఆసియా క్రీడల్లో అడుగుపెట్టిన ఏడాదే ఇండియాకి రెండు పతకాలు. రెండింట్లోనూ ఆయన ఉన్నారు.

ఇది ఎంత కష్టమో తెలియాలంటే ఆట గురించి కొంచెం తెలియాలి.

చక్రాల మీద ఎందుకు కష్టం?

మంచు మీద స్కేటర్ కాలికి సన్నని బ్లేడ్ ఉంటుంది. ఇక్కడ బూటు కింద ముందు రెండు, వెనక రెండు చక్రాలు ఉంటాయి. ముందు భాగంలో ఒక స్టాపర్ ఉంటుంది. కొన్ని జంప్‌లకి దాన్ని నేలకి తాకించే పైకి లేస్తారు. బూటు బరువు మామూలుగా ఐస్ స్కేట్ కంటే ఎక్కువే. ఆ బరువుతోనే గాల్లోకి లేవాలి, తిరగాలి, ఒక్క కాలి మీద దిగాలి.

జంప్‌ల పేర్లు మాత్రం మంచు మీద ఉన్నవే. టో లూప్, సాల్కో, ఫ్లిప్, లట్జ్, యాక్సెల్. వీటిలో యాక్సెల్ స్పెషల్. మిగతా జంప్‌లకి వెనక్కి జారుతూ లేస్తారు, యాక్సెల్‌కి మాత్రం ముందుకు చూస్తూ లేస్తారు. దిగేది మళ్లీ వెనక్కే కాబట్టి అర చుట్టు ఎక్కువ తిరగాల్సి వస్తుంది. 1882లో నార్వే స్కేటర్ యాక్సెల్ పాల్సెన్ దీన్ని మొదట చేసి చూపించాడు. అందుకే ఆ పేరు.

పెయిర్స్ అయితే రిస్క్ డబుల్. పార్ట్‌నర్‌ని తల మీదికి ఎత్తి, చక్రాల మీద తిరుగుతూ, మ్యూజిక్ తప్పకుండా మళ్లీ కిందికి దించాలి. ఒకరి బ్యాలెన్స్ తప్పితే ఇద్దరూ పడతారు. సింగిల్స్‌కి కావాల్సిన ప్రాక్టీస్ వేరు, పెయిర్స్‌కి కావాల్సింది వేరు. ఒకే టోర్నీలో రెండూ ఆడి రెండింట్లో పతకం కొట్టడం అంటే మాటలు కాదు. స్కేటింగ్ తెలిసినవాళ్లు అనూప్‌ని అంతగా మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇదే.

ఆటే మాయమైంది!

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రోలర్ స్పోర్ట్స్ లేవు. 2018 జకార్తాలో స్కేటింగ్ వచ్చింది కానీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల రేసు మాత్రమే పెట్టారు. అంటే మంచి ఫామ్‌లో ఉన్న ఆర్టిస్టిక్ స్కేటర్‌కి పతకం నిలబెట్టుకునే చాన్సే లేదు. గాయం కాదు, ఓటమి కాదు. లిస్టులో ఆట పేరు లేదు, అంతే. ఒలింపిక్స్‌లో అయితే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ ఇప్పటిదాకా లేనే లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా బూట్లు మూలన పడేస్తారు. అనూప్ ఆపలేదు. 2015లో ఆయనకి అర్జున అవార్డు ప్రకటించారు. ఈ అవార్డు ఇచ్చేటప్పుడు ముందు నాలుగేళ్ల ఆటతీరు చూస్తారు. అంటే గ్వాంగ్‌జౌ అయిపోయాక కూడా ఆయన అంతర్జాతీయ స్థాయిలో ఆడుతూనే ఉన్నారన్నమాట. అదే ఏడాది మన సానియా మీర్జాకి ఖేల్‌రత్న వచ్చింది. గుంటూరు బిడ్డ కిడాంబి శ్రీకాంత్, క్రికెటర్ రోహిత్ శర్మ కూడా అర్జున లిస్టులో ఉన్నారు. ఆ పేర్ల పక్కన ఒక రోలర్ స్కేటర్ పేరు కనిపించడం ఈ ఆట ఆడేవాళ్లకి ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఆసియా క్రీడల స్కేటింగ్‌లో ఇండియా మళ్లీ పతకం చూడ్డానికి ఏకంగా 13 ఏళ్లు పట్టింది. 2023లో హాంగ్‌జౌలో మన మహిళలు, పురుషులు 3000 మీటర్ల రిలేలో రెండు కాంస్యాలు గెలిచారు.

పడి లేచినవాళ్లంటేనే అభిమానం

ప్రపంచంలో ఎక్కడ చూసినా ఫిగర్ స్కేటింగ్ ఫ్యాన్స్ తీరు ఇలాగే ఉంటుంది. జపాన్ స్టార్ యుజురు హన్యూనే తీసుకోండి. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు ఆయన సెండాయ్‌లోని రింక్‌లో ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆ రింక్ మూతపడితే ఐస్ షోల్లో ఆడుతూ ప్రాక్టీస్ సాగించారు. 2014, 2018 ఒలింపిక్స్‌లో వరసగా స్వర్ణాలు కొట్టారు. 2022 బీజింగ్‌లో నాలుగున్నర చుట్ల క్వాడ్ యాక్సెల్‌కి ట్రై చేసి పడిపోయారు, నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. అయినా ఫ్యాన్స్‌కి ఆ పడటం కూడా గొప్పే. ఎవరూ చేయనిది చేద్దామని లేచాడు కదా అంటారు.

నల్గొండ, పాలమూరు పిల్లల సంగతేంటి?

నల్గొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా హైదరాబాద్‌కి దాదాపు 100 కిలోమీటర్లు. సిటీలో ఇందిరా పార్క్ లాంటి చోట్ల రింక్ ఉంది. రోజూ పోయి రావడం మాత్రం అందరికీ అయ్యే పని కాదు. కానీ ఈ ఆట మొదలుపెట్టడానికి మంచు అక్కర్లేదు. గుంతలు, కంకర లేని నున్నటి నేల చాలు. బ్యాలెన్స్, పడే పద్ధతి, ఆగే పద్ధతి అక్కడే నేర్చుకోవచ్చు. జంప్‌లు, స్పిన్‌ల దాకా వస్తే మాత్రం కోచ్ ఉండాల్సిందే.

తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవే. రోడ్డు మీద వద్దు. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు లేకుండా వద్దు. మొదట్లోనే ఖరీదైన ఆర్టిస్టిక్ బూట్లు కొనొద్దు, పిల్లల పాదం పెరుగుతుంటుంది. ముందు సైజ్ మార్చుకునే స్కేట్స్‌తో నేర్పించండి. వీడియో చూసి జంప్ ట్రై చేయనివ్వొద్దు.

ఇక 'దీంతో ఏం ఫాయిదా?' అనే ప్రశ్న. స్కూల్ గేమ్స్‌లో రోలర్ స్కేటింగ్ ఉంది, జాతీయ పోటీలు ఉన్నాయి, ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది. ఒలింపిక్స్ మాత్రం లేదు. ఈ మాట పిల్లలకి ముందే చెప్పాలి. అది తెలిసి కూడా స్కేట్స్ కట్టుకుని నేల మీదికి దిగే పిల్లలకి అనూప్ కుమార్ యామ కథ చెప్పండి. ఆట పేరు లిస్టులో లేని ఏళ్లలో కూడా ప్రాక్టీస్ ఆపని మనిషి కథ అది.