పెండన్: చిన్న రైళ్లలో నిలిచిన పల్లెసీమ

రైలుబండి బొమ్మ యనగానే అది పిల్లల యాటవస్తువని మనము తలంతుము. కాని పాశ్చాత్యదేశములలో నుద్యోగములు, వ్యాపారములు చేసికొను పెద్దవారు పెక్కుమంది తమ తీరికవేళలను వెచ్చించి రైలుమార్గములను, స్టేషనులను, వంతెనలను, వాని చుట్టునుండు కొండలను, ఊళ్లను సైతము సరియైన కొలతలతో చిన్నవిగా నిర్మించి ప్రజలకు ప్రదర్శించుచున్నారు. అట్టివానిలో ప్రసిద్ధి కెక్కిన యొకదానిని గూర్చి చదువరుల కిచట తెలుపబూనితిమి.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డుషైరునందు లాంగ్ విట్టెన్‌హామ్ అను గ్రామము కలదు. అచటి పెండన్ ప్రదర్శనశాలను 1954లో స్థాపించినవాడు రాయ్ ఇంగ్లండ్. ఈయన ఆస్ట్రేలియా దేశీయుడు. 1925లో ఇంగ్లండునకు వచ్చెను. వైట్ హార్స్ లోయ యని పిలువబడు పల్లెసీమను, దానినడుమ సాగిపోవు గ్రేట్ వెస్టర్న్ రైల్వేబండ్లను చూచి ముగ్ధుడయ్యెను. కాని యా సీమ యాయన కన్నులయెదుటనే మారజొచ్చెను. ఇండ్ల పూరికప్పులను తీసివేసి క్రొత్తరకపు కప్పులు వేయుచుండిరి. ఈ మార్పు నాపుట యొక్కని తరము కాదు. కావున 1920-1940 నడిమికాలపు టా లోయను చిన్న ప్రమాణమున నిర్మించి రాబోవు తరములవారికి చూపవలెనని నిశ్చయించుకొనెను.

మన బొమ్మలకొలువులో ఏనుగుబొమ్మయు మనిషిబొమ్మయు నొకే యెత్తున నున్నను తప్పులేదు. ఇచట నట్లుకాదు. అన్నిటికిని కొలత యొక్కటే: నిజమైన యడుగునకు 4 మిల్లీమీటర్లు, అనగా సుమారు 76వ వంతు. ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్ల యెత్తుండును. ఈ లెక్కను ఒక మైలునకు 21 మీటర్లు కావలెను. కావున లోయనంతటిని ఒక భవనమున నిముడ్చుట యసాధ్యము. అందుచే పెండన్ పార్వా యను కల్పితగ్రామము నేర్పరచి, లోయలోని వేర్వేరు ఊళ్లయందలి నిజమైన యిండ్లను కొలిచి, వాని ప్రతిరూపములను దానియందు నిలిపిరి. ఊరు కల్పితమే గాని యిండ్లు కల్పితములు కావు. గోడలు అట్టతో చేసి, ఒక్కొక్క యిటుకకును విడివిడిగా నీటిరంగులు వేయుదురు. ఒక్క యింటికే నెలలు పట్టును.

ఇక బండ్లు నడచు విధమును చూతము. ఇట్టి రైళ్లకు సాధారణముగా 12 వోల్టుల విద్యుత్తు చాలును. అది యొక పట్టానుండి చక్రములద్వారా ఇంజనులోని మోటారునకు పోయి, రెండవ పట్టాద్వారా తిరిగివచ్చును. ప్రవాహదిశను మార్చినచో బండి వెనుకకు నడచును. ఇచట నొక చిక్కు కలదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 76వ వంతునకు తగ్గుటచే బరువు సుమారు 4,40,000వ వంతునకు తగ్గును. 80 టన్నుల ఇంజను ఆ లెక్కను 180 గ్రాములే తూగును! అంత తేలికయైనచో చక్రములు పట్టాలపై జారును. కావున లోపల సీసము నింపుదురు. వేగమునకును లెక్క యున్నది. గంటకు 60 మైళ్లు పోవు బండి యిచట క్షణమునకు 35 సెంటీమీటర్లు మాత్రమే పోవలెను. అంతకు మించినచో చూపరులకు నిజమను భ్రాంతి తొలగిపోవును.

ఆ శాలలోనే డార్ట్‌మూర్ ప్రాంతపు దృశ్య మొకటి కలదు. అందు బ్రూనెల్ అను ఇంజనీరు పద్ధతిని కట్టిన కొయ్య వంతెనపై బండ్లు నడచును. డెవన్, కార్న్‌వాల్ సీమలలో ఆయన కట్టించిన యట్టి కొయ్య వంతెనలన్నియు 1934 నాటికే తొలగింపబడెను. జాన్ అహెర్న్ నిర్మించిన మ్యాడర్ వ్యాలీ యను మరియొక కల్పిత రైలుమార్గమును గూడ అచట భద్రపరచియున్నారు. రైలుబండ్లతోపాటు వాని చుట్టునుండు లోకమునకును సమానగౌరవ మిచ్చిన తొలివారిలో అహెర్న్ ఒకడు.

రాయ్ ఇంగ్లండ్ 1995లో గతించెను. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1948లోనే ప్రభుత్వపరమయ్యెను. అయినను వేతనమాశింపని సేవకులు పని నాపలేదు. తాము ముగింపజాలని పనియని యెరిగియు ఒకతరమువారు మొదలిడిరి. తాము మొదలిడని పనియని యెంచక మరియొక తరమువారు కొనసాగించుచున్నారు. నశించుదానిని నిలుపజాలకున్నను, నశింపకమునుపే కొలిచి యుంచవచ్చునని యీ చిన్న రైళ్లు మనకు తెలుపుచున్నవి. కొలబద్ద, పెన్సిలు, ఓర్పు గల విద్యార్థి కెవనికైనను ఈ పని యసాధ్యము కాదని మా విశ్వాసము.