వచ్చినవాళ్లం కాదు, ఉన్నవాళ్లం

ఔరాద్ కర్ణాటకకు ఉత్తరపు కొస. తూర్పు దారి పడితే తెలంగాణలోని నారాయణఖేడ్ వైపు, మిగతా దారులు పడితే మహారాష్ట్రలోని దెగ్లూర్, ఉద్‌గీర్ వైపు చేరతాం. సంత రోజున ఒకే కొట్టు ముందు కన్నడ, మరాఠీ, తెలుగు, దక్కనీ ఉర్దూ, లంబాడీ వినిపిస్తాయి. కందుల బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో తేలుతుంది. అలాంటి తాలూకాలో పుట్టి పెరిగిన మేమిద్దరం ఉద్యోగాల కోసం వెళ్లి పన్నెండేళ్లు యూరప్‌లో ఉన్నాం. మొదట నెదర్లాండ్స్, తరువాత జర్మనీ, చివర స్వీడన్. మా అమ్మాయి బడి చదువు ఈ మూడు దేశాల్లోనే సాగింది.

"యూరప్ ఎట్లుంటది?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే చలి గురించి, రైళ్ల గురించి, ఇంటి అద్దెల గురించి చెబుతాం. ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మాత్రం వేరే సంగతి చెప్పాలి. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష ఉన్న పిల్లల విషయంలో ఆ దేశాలు ఎలా నడుచుకుంటాయో మేము దగ్గరగా చూశాం. ఒక్కో దేశానిది ఒక్కో తీరు.

సైకిళ్ల దేశంలో

నెదర్లాండ్స్‌లో పిల్లలు నాలుగేళ్లకే బడిలో చేరతారు. వాన పడినా ఎదురుగాలి కొట్టినా సైకిలే. మధ్యాహ్నం డబ్బాలో రొట్టె, దాని మీద చాక్లెట్ పలుకులు. అన్నం, పప్పు పెట్టి పంపితే తోటి పిల్లలు వింతగా చూసేవారు. అక్కడివాళ్లు మాట దాచుకోరు. బాగుంటే బాగుందంటారు, లేకపోతే మొహం మీదే లేదంటారు. కొత్తలో మనసు చివుక్కుమన్నా, వాళ్ల మాటకు రెండో అర్థం ఉండదని తెలిశాక అదే హాయిగా అనిపించింది.

ఉపాధ్యాయులతో మాట్లాడేందుకు తల్లిదండ్రులకు పది నిమిషాల సమయం ఇస్తారు. మాకు దొరికిన మొదటి పది నిమిషాల్లో పంతులమ్మ అన్న మాట ఇది: "ఇంట్లో మీ భాషే మాట్లాడండి. డచ్ సంగతి మేం చూసుకుంటాం." అయితే ఆ ఇంటి భాషను నేర్పే తరగతి మాత్రం బడిలో లేదు. ఒకప్పుడు వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ప్రాథమిక బడుల్లో వాళ్ల భాష నేర్పడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చేది. 2004లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. అదే దేశంలో ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్‌లో ఫ్రిసియన్ భాషకు అధికార హోదా ఉంది, బడుల్లో చోటు ఉంది. ఈ తేడా ఎందుకో అప్పట్లో మాకు తోచలేదు.

ఆ దేశంలోనే ఓమెన్ అనే ఊరుంది. మదనపల్లెలో 1895లో తెలుగు ఇంట పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను 1929 ఆగస్టు 3న రద్దు చేసింది అక్కడే. 1911లో ఇంగ్లండ్ చేరిన ఆ పిల్లవాడు తరువాత ఫ్రాన్స్, నెదర్లాండ్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల్లో నెలల తరబడి గడిపాడు. ఫ్రెంచ్, ఇటాలియన్ పట్టుబడ్డాయి. చిన్నప్పటి తెలుగు మాత్రం నిలవలేదు. అంతటి మేధావికే మాట్లాడేవాళ్లు లేక మాతృభాష జారిపోయింది. మామూలు పిల్లలకు జారిపోవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

ఆదివారం మౌనంగా ఉండే దేశంలో

జర్మనీలో మేము ఉన్నది డ్యూసెల్‌డార్ఫ్‌లో. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. ఆ రోజు గోడకు మేకు కొట్టినా పక్కింటివాళ్లు తలుపు తడతారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే చిల్లర చేతికొస్తుంది. అన్నిటికంటే మాకు నచ్చింది ఒకటో తరగతి మొదటి రోజు. ప్రతి పిల్ల చేతిలో తన ఎత్తులో సగం ఉండే రంగు కాగితపు పొట్లం, అందులో మిఠాయిలు, పెన్సిళ్లు. మన అక్షరాభ్యాసం గుర్తొచ్చింది.

జర్మనీలో చదువు 16 రాష్ట్రాల చేతిలో ఉంది. మేము ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రం టర్కిష్, అరబిక్, రష్యన్, పోలిష్ వంటి భాషల్ని బడి తరఫున నేర్పిస్తుంది. ప్రాథమిక స్థాయిలో ఒక జట్టుకు 15 మంది పిల్లలు కావాలి. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లు ఉన్నాయి గానీ, ఒక్కచోట అంతమంది ఒకే వయసు పిల్లలు లేరు. కాబట్టి శనివారాలు ఒకరింట్లో చాప పరిచి మేమే గుణింతాలు దిద్దించాం. నెలకోసారి వంతు మారేది. పండగలొస్తే వారాలు ఎగిరిపోయేవి.

అయిదుగురి లెక్క

స్వీడన్‌లో ఇంటి గడప దగ్గరే చెప్పులు విప్పుతారు. ఆ ఒక్క అలవాటుతో సగం మన ఊరనిపించింది. చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటకముందే చీకటి పడుతుంది. అయినా పిల్లల్ని ఆరుబయటికి పంపి ఆడిస్తారు. బడిలో వేడి భోజనం ఉచితం. ఆ మాట విని మా అత్త "మన బడిలో ఉన్నట్టేనన్న మాట" అంది. నిజమే.

బడిలో చేర్చిన వారానికి ఒక కాగితం ఇచ్చారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఆ భాషలో పాఠం కావాలా అని అందులో అడిగారు. స్వీడన్‌లో 1970ల నుంచి ఉన్న పద్ధతి ఇది. ఒక పురపాలిక పరిధిలో ఒకే భాష అడిగిన పిల్లలు కనీసం అయిదుగురు ఉండి, తగిన ఉపాధ్యాయుడు దొరికితే, ఆ పాఠం ఏర్పాటు చేయాల్సిన బాధ్యత పురపాలికదే. వారానికి గంటో, అంతకు తక్కువో. మార్కుల జాబితాలో దానికీ వరుస ఉంటుంది.

మొదటి ఏడు మా పురపాలికలో తెలుగు అని రాసినవాళ్లు నలుగురే తేలారు. ఇంట్లో తెలుగే మాట్లాడే మరో రెండు కుటుంబాలు "ఇంగ్లిష్" అని రాశాయట. పాఠం లేదు. మరుసటి ఏడు ఆ ఇళ్లకు వెళ్లి, టీ తాగుతూ, కాగితం చూపించి మాట్లాడాం. ఆరుగురయ్యారు. కొన్ని నెలలకు ఒక టీచరమ్మ వచ్చింది. చట్టం మారలేదు, ప్రభుత్వం మారలేదు. ఒక గడిలో రాసిన మాట మారింది.

గీత కదిలిన చోట

ఒక వేసవి సెలవుల్లో ఇటలీ ఉత్తరాన ఉన్న సౌత్ టైరోల్ వెళ్లాం. రైలు దిగిన ఊరికి బోల్జానో, బోజెన్ అని రెండు పేర్లు. స్టేషన్ బోర్డు మీద రెండూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం వరకు అది ఆస్ట్రియా నేల, అక్కడివారిలో ఎక్కువమందిది జర్మన్ భాష. యుద్ధం తరువాత సరిహద్దు గీత కదిలి ఆ నేల ఇటలీలో పడింది. మనుషులు కదల్లేదు. ముస్సోలినీ కాలంలో జర్మన్ బడులు మూతపడ్డాయి. పంతులమ్మలు పొలాల ఇళ్లలో, నేలమాళిగల్లో రహస్యంగా చదువు చెప్పారు. దొరికినవాళ్లు శిక్ష అనుభవించారు. 1946లో ఇటలీ, ఆస్ట్రియాల మధ్య కుదిరిన ఒప్పందం మాతృభాషలో చదువుకునే హక్కును తిరిగి ఇచ్చింది. 1972 నాటి స్వయంపాలన శాసనం దాన్ని గట్టిపరచింది.

ఇప్పుడు అక్కడ జర్మన్ బడి ఉంది, ఇటాలియన్ బడి ఉంది. జర్మన్ బడి పిల్లలు ఒకటో తరగతి నుంచే ఇటాలియన్ నేర్చుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే రెండు భాషల పరీక్ష గట్టెక్కాలి. ఇంటి భాష నిలుపుకోవడమంటే రాష్ట్ర భాషను కాదనడం కాదని అక్కడి పిల్లల్ని చూస్తే తెలుస్తుంది.

నెదర్లాండ్స్‌లో తోచని తేడా అక్కడ తోచింది. యూరప్ దేశాలు 1992లో ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల కోసం ఒక ఒడంబడిక చేసుకున్నాయి. తరతరాలుగా ఆ నేల మీద ఉన్నవారి భాషలకే అది వర్తిస్తుంది. వలస వచ్చినవారి భాషలను అది లెక్కలోకి తీసుకోదు. ఫ్రిసియన్‌కు దక్కింది మా తెలుగుకు ఎందుకు దక్కలేదంటే, అక్కడ మేము వచ్చినవాళ్లం. స్వీడన్ ఇచ్చింది దాని మంచితనం.

మరి ఔరాద్‌లో?

ఔరాద్‌లో మనం వచ్చినవాళ్లం కాదు, ఉన్నవాళ్లం. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడుగా చీలింది. అప్పటి బీదర్ జిల్లాలోని నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్‌గీర్ బొంబాయి రాష్ట్రానికి, ఔరాద్ మైసూరుకు వెళ్లాయి. గీతే కదిలింది, ఇళ్లు కదల్లేదు. సౌత్ టైరోల్ కథకూ మన కథకూ ఇక్కడే పోలిక. తేడా ఏమిటంటే, మన పంతుళ్లకు నేలమాళిగల అవసరం రాలేదు. రాష్ట్రాలు మారిన ఆ ఏడాదే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతోంది.

దానికంటే ముందే, 1949లో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క కట్టింది. ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాష చెప్పే ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలి. తరువాత ముఖ్యమంత్రుల సమావేశంలో మరో మాట అనుకున్నారు. అలాంటి పిల్లల దరఖాస్తుల్ని బడి సంవత్సరం మొదలయ్యే ముందే ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. కర్ణాటక పదో తరగతి పరీక్షలో తెలుగును మొదటి భాషగా రాసే వీలూ ఉంది.

స్వీడన్‌లో అయిదు, జర్మనీలో పదిహేను, ఇక్కడ పది. అంకె ఏదైనా, అది నిండేది కాగితం మీదే. మా బంధువుల ఇళ్లలోనే చూశాం. పొయ్యి దగ్గర తెలుగు, పొలంలో తెలుగు, పెళ్లి మాటలు తెలుగు. ప్రవేశ పత్రంలో మాతృభాష గడి దగ్గరికి వచ్చేసరికి కన్నడ అనో మరాఠీ అనో రాసేస్తారు. "ఎందుకొచ్చిన గొడవ" అంటారు. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని సంకోచం. వచ్చినవాళ్లకు ఉండాల్సిన బెరుకు అది, ఉన్నవాళ్లకు ఎందుకు? అలా రాసినందువల్ల కన్నడ బాగుపడదు, మరాఠీ బాగుపడదు. తెలుగు లెక్కలో ఒకటి తగ్గుతుంది, అంతే. తొమ్మిది దగ్గర ఆగిన తరగతికి పంతులు రాడు.

కన్నడ బాగా రావాలి, అందులో రెండో మాట లేదు. బస్సు బోర్డు, పహాణీ పత్రం, ఉద్యోగ పరీక్ష అన్నీ కన్నడలో ఉన్నాయి. ఆ భాష మన పిల్లలకు అన్నం పెడుతుంది. ఇంగ్లిష్ కూడా కావాలి. మా అమ్మాయికి ఇప్పుడు డచ్, జర్మన్, స్వీడిష్ వచ్చు. ఒక భాష వల్ల మరొకటి పాడైన దాఖలా మాకు కనిపించలేదు. నాయనమ్మతో ఫోనులో కోడిపెట్టల గురించి అరగంట మాట్లాడగలిగేది మాత్రం ఒక్క తెలుగులోనే.

వచ్చే వేసవిలో బడుల్లో చేరికలు మొదలవుతాయి. ఉపాధ్యాయులు దరఖాస్తు చేతికిచ్చేటప్పుడు మాతృభాష గడి మీద ఒక్క క్షణం వేలు పెట్టి అడగండి. తల్లిదండ్రులు ఇంట్లో ఏది మాట్లాడతారో అదే రాయండి. ఇరుగుపొరుగున తెలుగు ఇళ్లు ఎన్నున్నాయో బడి తెరవకముందే లెక్కపెట్టండి. పదిమంది తేలితే పేర్లన్నీ ఒక్క కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.