వెనక్కి తిరిగే నీళ్లు

కాలిఫోర్నియాలోని సాన్ హోసే నగరంలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఊరు ఒకటే, నీళ్లిచ్చేవాళ్లు ముగ్గురు. ఎక్కువ పేటలకు 1866లో మొదలైన సాన్ హోసే వాటర్ అనే ప్రైవేటు కంపెనీ సరఫరా చేస్తుంది. ఎవర్‌గ్రీన్, అల్విసో ప్రాంతాల్లో చాలా ఇళ్లకు నగరపాలక సంస్థ నీళ్లే. దక్షిణాన కొన్ని పేటలకు గ్రేట్ ఓక్స్ అనే మరో ప్రైవేటు కంపెనీ ఉంది. బిల్లు ఎవరు పంపినా ఒక ఉత్తరం మాత్రం తప్పదు. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే బ్యాక్‌ఫ్లో పరికరం ఉన్న హోటళ్లకు, ఆసుపత్రులకు, అపార్టుమెంట్లకు, తోట నీళ్లకు విడిగా లైను వేయించుకున్న ఇళ్లకు ఏటా అది వస్తుంది: పరికరాన్ని పరీక్ష చేయించి రిపోర్టు పంపండి, లేకుంటే కనెక్షను ఆగిపోవచ్చు.

ఆ ఉత్తరాన్ని పక్కన పడేసేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. వాళ్లచేత పరీక్ష చేయించగల సత్తా ఎవరికి ఎక్కువ, మునిసిపాలిటీకా, కంపెనీకా? ముందు నీళ్లు వెనక్కి ఎందుకు వస్తాయో చూద్దాం.

ఒత్తిడి ఎటు తక్కువగా ఉంటే నీళ్లు అటు పోతాయి. వీధి పైపులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇంట్లోకి వస్తున్నాయి, అంతే. అది రెండు రకాలుగా తిరగబడుతుంది. ఫ్యాక్టరీలో పంపో, బాయిలరో, ఎత్తు మీది ట్యాంకో వీధి పైపును మించిన ఒత్తిడి పెడితే లోపలి ద్రవం బయటికి తోసుకొస్తుంది. పది మీటర్ల ఎత్తు నీళ్లు చదరపు అంగుళానికి సుమారు 14 పౌండ్ల ఒత్తిడినిస్తాయి. నలభై మీటర్ల మీద ట్యాంకు ఉంటే అది 57 పౌండ్ల దాకా వెళ్తుంది. చాలా వీధి పైపుల్లో ఉండే ఒత్తిడీ దాదాపు అంతే. రెండోది ఇంకా ప్రమాదం. పైపు పగిలినప్పుడు, ఫైరింజన్లు ఒక్కసారిగా నీళ్లు తోడుకున్నప్పుడు వీధి పైపులోనే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పీపాలోని కిరోసిన్‌ను గొట్టంతో నోటితో లాగినట్టు, ఇళ్లలో ఉన్నదాన్ని ఆ పైపు లాక్కుంటుంది.

1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీలో జరిగింది ఇదే. దగ్గర్లో మంటలార్పడానికి నీళ్లు వాడటంతో ఒత్తిడి పడిపోయింది. మైదానంలో నేలమట్టానికి కింద గుంటల్లో అమర్చిన స్ప్రింక్లర్ల దగ్గర నిలిచిన మురికినీరు తాగునీటి లైనులోకి చేరింది. హెపటైటిస్ సోకిన పిల్లలు అంతకుముందు అక్కడ ఆడుకున్నారు. ఫుట్‌బాల్ జట్టులోనూ సిబ్బందిలోనూ 97 మందిలో 90 మందికి ఆ వ్యాధి అంటింది. ఆ ఏడాది మిగిలిన ఆటలన్నీ రద్దయ్యాయి. మన ఊళ్ల సంగతి మరీ కష్టం. పైపులు రోజులో చాలాసేపు ఖాళీగానే ఉంటాయి. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే అది నీళ్లతోపాటు పగుళ్లలోంచి డ్రైనేజీని కూడా లాగుతుంది. హైదరాబాద్ జలమండలి అలాంటి మోటార్ల మీద జరిమానాలు వేస్తున్నది.

ఈ తిరోగమనాన్ని ఆపే పరికరాల్లో నాకు ఎక్కువగా నచ్చేది రెండు చెక్‌వాల్వుల మధ్య రిలీఫ్ వాల్వు ఉండేది. మధ్య గదిలో ఒత్తిడి ఎప్పుడూ వీధి పైపు కన్నా తక్కువగా ఉండేలా దాన్ని తయారుచేస్తారు. చెక్‌వాల్వు పాడైతే గదిలో ఒత్తిడి పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు తెరుచుకుని నీళ్లు నేల మీద పడతాయి. లోపం కంటికి కనిపిస్తుంది, ఊరి నీళ్లలో కలవదు. కానీ అందులో ఉన్నవి స్ప్రింగులు, రబ్బరు బిళ్లలు. స్ప్రింగు సడలుతుంది. ఇసుక రేణువు ఒకటి బిళ్ల కింద ఇరుక్కున్నా చాలు. నిరుడు పాసైన పరికరం ఈ ఏడూ పని చేస్తుందన్న హామీ లేదు. అందుకే టెస్టరు గేజి తగిలించి చూస్తాడు: వీధి వైపుకూ గదికీ మధ్య తేడా 2 పౌండ్ల కన్నా తగ్గకముందే రిలీఫ్ వాల్వు తెరుచుకోవాలి. లేకపోతే ఫెయిల్.

పరికరం ఉండేది మీటరు అవతల, వాడకందారు స్థలంలో. కొనడం, బాగుచేయించడం అతని ఖర్చు. నీళ్లు చెడితే జవాబు చెప్పాల్సింది సరఫరాదారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మునిసిపాలిటీ చేతిలో ఆర్డినెన్సు ఉంటుంది, జరిమానా వేయగలదు. భవన అనుమతులిచ్చే శాఖ కూడా అదే కప్పు కింద ఉంటుంది. ప్రైవేటు కంపెనీకి ప్రభుత్వాధికారం లేదు. రాష్ట్ర యుటిలిటీస్ కమిషన్ ఆమోదించిన నిబంధనలే దాని బలం, చివరి ఆయుధం వాల్వు కట్టేయడం. కాగితం మీద మునిసిపాలిటీదే పైచేయి. అయితే ఊళ్లోని పార్కులు, ఫైర్ స్టేషన్లు కూడా నగరానివే. తన సొంత పార్కుకు తానే నీళ్లు ఆపుకోవాలంటే ఏ అధికారికైనా చెయ్యి ఆడదు. పెద్ద ఫ్యాక్టరీ మీద చర్య అంటే కౌన్సిల్లో ఫోన్లు మోగుతాయి. కంపెనీకి ఆ మొహమాటం తక్కువ. కానీ సిబ్బంది ఖర్చు రేట్లలో రాబట్టుకోవాలంటే మూడేళ్లకోసారి కమిషన్ ముందు వాదించుకోవాలి.

2016 డిసెంబరులో టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీలో తారు పరిశ్రమలో వాడే రసాయనం ఇలాగే వెనక్కి తోసుకొచ్చి నగర నీళ్లలో కలిసిందన్న భయంతో సుమారు 3 లక్షల మందిని కుళాయి ముట్టుకోవద్దన్నారు. కాచినా ఆ రసాయనం పోదు. దాదాపు నాలుగు రోజుల ఆ ఆంక్షల్లో బడులు, హోటళ్లు స్తంభించాయి. హోలీ క్రాస్ ఉన్న వూస్టర్‌వీ, కార్పస్ క్రిస్టీవీ మునిసిపల్ నీళ్లే. అంతమాత్రాన ప్రైవేటే మేలనడం తప్పు. అమెరికాలో అత్యధికులు తాగేది ప్రభుత్వ సంస్థల నీళ్లే కాబట్టి ప్రమాదాలూ అక్కడే ఎక్కువ కనిపిస్తాయి.

కాలిఫోర్నియా ఈ తేడానే పక్కకు తోసింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నియమావళి సరఫరా సంస్థ యజమాని ఎవరన్నది చూడదు. ప్రతి సరఫరాదారూ రాతపూర్వక ప్రణాళిక ఇవ్వాలి. వాడకందారుల చోట్ల ప్రమాదాన్ని అంచనా వేయాలి. మొండికేసిన వాళ్ల మీద చర్య తీసుకునే చట్టబద్ధమైన అధికారం తనకుందని చూపించాలి. ఇది సరైన దారి అని నా నమ్మకం. కాకపోతే గడువు దాటిన పరీక్షలు ఎన్నో ఏటా జనానికి చెప్పాలి కూడా. నీటి నాణ్యత నివేదికలో క్లోరిన్ లెక్క ఉన్నట్టే ఈ లెక్కా ఉండాలి. అప్పుడు ఎవర్‌గ్రీన్ వాళ్లయినా, పక్కపేట వాళ్లయినా తమ సరఫరాదారును నిలదీయగలుగుతారు.

ఈలోగా ఇంట్లో చేయగల పని ఒకటుంది. తోట కుళాయి మూతికి బిగించే చిన్న వాక్యూమ్ బ్రేకరు కొద్ది డాలర్లకే దొరుకుతుంది. హోస్ పైపు చివర పురుగుమందు సీసా తగిలించే అలవాటున్న ఇంట్లో అది ముందు ఉండాలి.