మూట విప్పి చూస్తే దుప్పట్లే

ఆ ఆడియో మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. "అందరికీ నమస్కారం, ఇది పోలీసు శాఖ వారి ముఖ్య గమనిక" అంటూ మొదలవుతుంది. ఏ స్టేషనో చెప్పడు, ఏ అధికారో చెప్పడు. దుప్పట్లు, తివాచీలు, ప్లాస్టిక్ కుర్చీలు మోటారు సైకిళ్ల మీద పెట్టుకుని అమ్మే హిందీవాళ్లంతా బంగ్లాదేశ్ నుంచో బర్మా నుంచో దొంగదారిన వచ్చినవాళ్లట. పగలు సరుకు అమ్ముతున్నట్టు నటిస్తూ ఇళ్లు గుర్తు పెట్టుకుని ఉగ్రవాదులకు చేరవేస్తారట. వాళ్ల దగ్గర ఏమీ కొనొద్దట, ఇల్లు అద్దెకివ్వొద్దట, కనబడితే ఆధార్ కార్డు అడగాలట. చివర్లో మామూలే: పది గ్రూపులకు పంపకపోతే దేశం మీద ప్రేమ లేనట్టు.

పహల్గాం దాడి తర్వాత ఈ రకం ఆడియోలకు గిరాకీ పెరిగింది. ఎర్రకోట దగ్గర కారు పేలాక ఇంకా పెరిగింది. నవ్వి ఊరుకోదగ్గ సంగతే, ఆత్మకూరు బస్టాండు దగ్గర నలుగురు కుర్రాళ్లు ఒక దుప్పట్లాయన్ని ఆపి మూట విప్పించకపోయి ఉంటే. "యాడ నుంచి వచ్చినావ్ భయ్యా? కార్డు తీయ్." తీశాడు. ఉత్తరప్రదేశ్ చిరునామా. కార్డును ముందుకూ వెనక్కూ తిప్పి, ఎండకు పట్టి చూసి, "ఇది డూప్లికేటప్పా" అని తీర్పిచ్చాడొకడు. మూటలో ఉన్నవి దుప్పట్లు. ఒకటి బురదలో పడింది. దాని వెల ఎవరూ కట్టలేదు. వాయిదాల మీద రగ్గు తీసుకున్న ఒక పెద్దమ్మ మాత్రం, "ఆయప్పకు నేనింకా రెండొందలు బాకీ ఉండా. ఆయప్ప రాకపోతే మీరొచ్చి తీసుకుంటారా నాయనా?" అని నిలదీసింది. ఆ మాటకు వాళ్ల దగ్గర జవాబు లేదు.

అపోహ మొత్తం ఆ కార్డు చుట్టూ తిరుగుతోంది కాబట్టి ముందు దాని సంగతి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. ఆధార్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఆ మాట రాసి ఉంది. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ నివసించిన విదేశీయుడు కూడా చట్టప్రకారమే ఆధార్ తీసుకోవచ్చు. అంటే బస్టాండులో కార్డు చూసి ఎవడు భారతీయుడో తేల్చేసే మన వీరులు, ఆ పనికి పుట్టని కాగితాన్ని పట్టుకుని దేశాన్ని కాపాడుతున్నారన్న మాట. సరే, ఏ కాగితం చూడాలి అంటారేమో. ఏదీ చూడొద్దు. దారిన పోయేవాణ్ని ఆపి కాగితాలు అడిగే అధికారం మామూలు మనిషికి ఏ చట్టమూ ఇవ్వలేదు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు వ్యక్తి ఒకణ్ని పట్టుకోవాలంటే వాడు తన కళ్లెదుటే బెయిలు రాని కాగ్నిజబుల్ నేరం చేస్తూ ఉండాలి, లేదా కోర్టు ప్రకటించిన నేరస్థుడై ఉండాలి. పట్టుకున్నా ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. హిందీ మాట్లాడటం, గడ్డం ఉండటం, దుప్పటి ధర తక్కువ చెప్పడం ఆ నేరాల్లో లేవు.

బెంగాలీ మాట్లాడితే బంగ్లాదేశీ అనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. పశ్చిమ బెంగాల్ అనే రాష్ట్రం ఒకటుంది. అక్కడి ముర్షిదాబాద్, మాల్దా జిల్లాల నుంచి మేస్త్రీ పనికీ చిల్లర వ్యాపారానికీ జనం దేశమంతా తిరుగుతారు. ఈ పొరపాటు బస్టాండు కుర్రాళ్లే చేస్తారని కాదు. బీర్భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణిని 2025 జూన్‌లో ఢిల్లీ నుంచి పట్టుకెళ్లి సరిహద్దు దాటించేశారు. కలకత్తా హైకోర్టు తప్పుపట్టాక, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, డిసెంబరులో గానీ ఆమె కొడుకుతో సహా వెనక్కి రాలేదు. రికార్డులు, కంప్యూటర్లు, అధికారులు ఉన్న వ్యవస్థే ఇలా పొరబడితే, ఎండకు పట్టి కార్డు చూసేవాడి సంగతి ఏం చెప్పాలి?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోక తప్పదు. "ఉగ్రవాదులు ఢిల్లీలో, ముంబైలో ఉంటారు గానీ మన సీమలో ఎందుకుంటారు?" అనే మంచివాళ్లు కొందరున్నారు. వాళ్లదీ అపోహే. 2025 జూన్ 30న తమిళనాడు ఏటీఎస్ రాయచోటిలో ఇద్దరిని పట్టుకుంది. ఒకరి కోసం 1995 నుంచి, ఇంకొకరి కోసం 1999 నుంచి వెతుకుతున్నారు. 2011లో మదురై దగ్గర అద్వానీ యాత్ర దారిలో పైపు బాంబు పెట్టిన కేసు కూడా వాళ్ల మీద ఉంది. వాళ్ల ఇళ్లలో పేలుడు పదార్థాలు దొరికాయని మన పోలీసులు ప్రకటించారు. వాళ్లు చేసుకుంటున్నది చిన్న వ్యాపారం. ఆడియోవాడు దీన్ని పట్టుకుని "చూశారా, నేను చెప్పలా" అంటాడు. ఆ మేరకు సరే, నీ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. కానీ నాయనా, కాస్త ఆగి చూడు. వాళ్లు సరిహద్దు దాటి వచ్చినవాళ్లు కారు, పక్క రాష్ట్రం వాళ్లు. నిన్న మూట కట్టుకుని వచ్చి రేపు పోయే రకమూ కాదు. ఏళ్ల తరబడి సంసారాలతో కాపురమున్నవాళ్లు. వాళ్లను పట్టింది ఏ గ్రూపూ కాదు. పాత కేసులను వదలకుండా తవ్వుకుంటూ వచ్చిన దర్యాప్తు.

అంతకు నెలన్నర ముందు విజయనగరంలో అరెస్టయిన కుర్రాడు ఇంజనీరింగు చదివినవాడు, అక్కడివాడే, పోలీసు కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆగస్టులో ధర్మవరంలో అరెస్టయిన మనిషి ఓ హోటల్లో వంటవాడు. ఈ కేసులన్నీ ఇంకా తేలాల్సినవే, నేరం రుజువైందని నేననడం లేదు. నిందితుల్లో ఒక్కడైనా ఆ ఆడియో గీసిన బొమ్మలో ఉన్నాడా అన్నదే నా ప్రశ్న. అందరికీ దుప్పట్లవాడి వైపు వేలు చూపించే ఆడియో, నిజంగా ప్రమాదమున్న ఇంటి మీద నుంచి మన చూపు తప్పిస్తోంది.

ఇంకొకటి. పహల్గాంలో మతం అడిగి మరీ పర్యాటకులను చంపారు, మొత్తం 26 మంది పోయారు. వాళ్లలో మన విశాఖ మనిషీ, కావలి మనిషీ ఉన్నారు. ఆ కోపం అబద్ధం కాదు, దాన్ని ఎవరూ తక్కువ చేయక్కర్లేదు. పర్యాటకులను కాపాడబోయి అదే చోట తూటాలకు బలైన గుర్రాలాయన ముస్లిం అన్నదీ అంతే నిజం. కోపం వచ్చిన మరుసటి నెలలో మనవాళ్లు ఏం చేశారు? హైదరాబాదు శంషాబాదులో కరాచీ బేకరీ మీద పడ్డారు. విశాఖలోనూ పేరు మార్చాలని ధర్నాలు. ఆ బేకరీని 1953లో పెట్టింది ఖాన్‌చంద్ రామ్నానీ, దేశ విభజనలో సింధ్ వదిలి కట్టుబట్టలతో వచ్చిన హిందువు. పాకిస్తాన్ మీద పగ తీర్చుకోవడానికి పాకిస్తాన్ తరిమేసిన కుటుంబం దుకాణమే దొరికింది.

మిగతా అపోహలు త్వరగా తేల్చేద్దాం. రోహింగ్యాలు, బంగ్లాదేశీలు ఒకటే: కాదు, రోహింగ్యాలు మయన్మార్‌లోని రఖైన్ ప్రాంతం వాళ్లు. ఆకుపచ్చ జెండా మీద నెలవంక ఉంటే పాకిస్తాన్ జెండా: దాని మీద ఓ పక్క తెల్లటి నిలువు పట్టీ ఉంటుంది, పీర్ల పండుగ జెండాకు ఉండదు. పీర్లు ఎత్తే ఊళ్లో పుట్టి ఇది తెలియకపోతే ఎవర్ని అనాలి? ఉర్దూ పాకిస్తాన్ భాష: 2022లో మన శాసనసభే దాన్ని రాష్ట్ర రెండో అధికార భాష చేసింది, కర్నూలులో దానికి ప్రభుత్వ విశ్వవిద్యాలయమే ఉంది. సాయిబులంతా బయటినుంచి వచ్చినవాళ్లు: దూదేకుల దస్తగిరి ఇంటికెళ్లి ఈ మాట తెలుగులో అడగండి, తెలుగులోనే జవాబొస్తుంది. కాస్త ఘాటుగా.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" దీన్ని మాత్రం ఒక్క వాక్యంలో వదలలేను, ఎందుకంటే ఇది తెలివైన మాటలా వినిపిస్తుంది. 2007 మే 18న, శుక్రవారం, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. ఆ వెంటనే పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో ఎత్తుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని ఆరోపణలొస్తే మైనారిటీ కమిషన్ ఒక న్యాయవాదితో విచారణ చేయించింది. కేసులు కోర్టులో నిలబడలేదు. ఆనక ప్రభుత్వమే 70 మందికి పరిహారం ప్రకటించింది. విడుదలైన 20 మందికి తలా మూడు లక్షలు, పట్టుకుని వదిలేసిన 50 మందికి తలా ఇరవై వేలు. 2013లో ఆ ఉత్తర్వును హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తు దిక్కు మార్చుకుని వేరే వర్గం మనుషులను పట్టుకుంటే, 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు వాళ్లనూ నిర్దోషులని వదిలేసింది. పదకొండేళ్లలో రెండు మతాల నిందితులు మారారు. శిక్ష ఎవరికీ పడలేదు. చచ్చిపోయినవాళ్ల ఇళ్లకు దక్కిన న్యాయం అది. మొదటి రోజే మతం చూసి గీత గీసుకుంటే నిర్దోషులు నలిగిపోవడంతో పాటు అసలువాడు ఆనవాళ్లు చెరుపుకోవడానికి తీరిక దొరుకుతుంది. దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసు పక్కన పెట్టి చూడండి. అక్కడ సాక్ష్యం వెంట నడిచారు, అయిదుగురికి పడిన మరణశిక్ష 2025 ఏప్రిల్‌లో హైకోర్టులోనూ నిలిచింది.

హైదరాబాదు దాకా ఎందుకు? నల్లమల అంచున ఉన్న మనకే ఈ పాఠం ఒకరు చెప్పాలా? అన్నల కాలంలో అడవి పక్క పల్లెల్లో రాత్రి తలుపు తట్టి అన్నం అడిగితే పెట్టకపోతే ఒక భయం, పెడితే పొద్దున్నే స్టేషను పిలుపు. "వాళ్లకు అన్నం పెట్టినాడంట" అనే ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పినవాడికి గట్టు తగాదా ఉందా, పాత పగ ఉందా అని ఎవరూ అడగలేదు. చెంచుగూడేల మీద రెండు వైపులా అనుమానమే. దేశం మొత్తం మీద ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద 1994 నాటికి 76 వేల మందికి పైగా అరెస్టయితే, శిక్ష పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. 1995లో ఆ చట్టాన్ని పొడిగించకుండా వదిలేశారు. తప్పు చేయనివాడికి భయమెందుకో ఆ మిగతా తొంభై ఎనిమిది మందిని అడగాలి.

హక్కుల సంఘాలవాళ్లు ఉగ్రవాదుల వకీళ్లన్న మాట కూడా అప్పుడు పుట్టిందే. హక్కుల కార్యకర్త బాలగోపాల్ ఎన్‌కౌంటర్ల మీద ఎంత గట్టిగా మాట్లాడాడో, నక్సలైట్లు చేసిన హత్యల మీదా అంత గట్టిగానే అడిగాడు. ఆ పేచీతోనే పాత సంఘం వదిలి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నాడు. ఇది తెలిసి కూడా తిట్టేవాళ్లతో నాకు పనిలేదు.

మనవాళ్లు బయటికెళితే ఏమవుతుందో కూడా చూశాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో "నా దేశం నుంచి పోండి" అని అరిచి కాల్చినవాడికి కూచిభొట్ల శ్రీనివాస్ ఇరానీవాడిలా కనబడ్డాడు. ఆ రోజు ఆ ఒంటి రంగు చూసి పడిన ముద్రకూ, బస్టాండులో పడిన ముద్రకూ తేడా ఏమిటో ఆడియోవాడే చెప్పాలి. కువైట్‌కో అమెరికాకో ఒక మనిషిని పంపిన ఇంట్లో కూర్చుని దాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లూ చెప్పాలి.

ఫార్వర్డ్ అంటే గుర్తొచ్చింది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే పార్థీ గ్యాంగు వచ్చిందని సీమంతా తిరిగిన మెసేజీ ఇలాంటిదే. ఆ నెలలోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో అడుక్కోవడానికొచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది. గ్యాంగూ లేదు, పిల్లల దొంగలూ లేరు. జూలైలో సుప్రీంకోర్టు మూక దాడుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, వాట్సాప్ ఒకసారి అయిదుగురికే పంపేలా కట్టడి పెట్టింది. ఇప్పుడు న్యాయ సంహిత 103వ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద, కులం లేదా వర్గం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణంతో అయిదుగురూ అంతకు మించీ కలిసి ఒకణ్ని చంపితే గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. "నేను వీడియో తీస్తూ నిలబడ్డానంతే" అన్న మాట ఎక్కడిదాకా పనికొస్తుందో వకీలును అడిగి తెలుసుకోండి. 2022 జనవరిలో, ఇంకా కర్నూలు జిల్లాలో ఉండగా, ఒక ప్రార్థనా స్థలం కట్టడం మీద మొదలైన గొడవ పోలీసు స్టేషను మీద రాళ్లు పడేదాకా వెళ్లిన ఊరు మన ఆత్మకూరు. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల తల్లిదండ్రులు వాయిదాలకు తిరగడం అందరం చూశాం. మళ్లీ అదెందుకు?

అనుమానం వస్తే చేయాల్సింది చిన్న పనే. 112కు ఫోన్ చేయండి, లేదా స్టేషనుకు వెళ్లి చెప్పండి. ఏం చూశారో అది చెప్పండి, ఏం అనుకున్నారో కాదు. ఫొటో తీసి గ్రూపులో పెడితే, అమాయకుడైతే వాడి బతుకు పోతుంది, నేరస్థుడైతే పారిపోతాడు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పేరు, సొంత ఊరు, ఫోను నంబరు, గుర్తింపు కార్డు నకలు తీసుకుని స్టేషనులో ఇవ్వండి. సాయిబుకైనా రెడ్డికైనా బిహారీకైనా ఒకే పద్ధతి. విదేశీయుడికి ఇస్తే 24 గంటల్లో సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఇంటి యజమానిదే. గ్రూపు అడ్మిన్లు "పోలీసు శాఖ గమనిక" అని వచ్చిన ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేయండి: ఏ స్టేషను, ఏ తేదీ? జవాబు రాకపోతే తీసేయండి.

మీ వీధిలో ఎవరినైనా పట్టుకెళితే, వాడు మీకు నచ్చినవాడైనా కాకపోయినా, ఇంట్లోవాళ్లకు ఈ మాత్రం చెప్పండి: అరెస్టు చేసిన సంగతి బంధువులకు తెలపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, డి.కె. బసు తీర్పు ప్రకారం అరెస్టు మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలి. ఆ సాక్షిగా మిమ్మల్ని పిలిస్తే వెళ్లండి. మెమోలో తేదీ, టైము వేశాకే సంతకం పెట్టండి.