రాక్షసులు పెరిగారు... బరువు తగ్గింది!

"ఫలానా సినిమా రెండో భాగం వస్తోంది కదండీ, ఎలా ఉంటుందంటారు?"

సినిమాల గురించి రాసేవాడినని తెలియగానే ప్రతివారూ అడిగే ప్రశ్న ఇదే. "చూశాక చెప్తానండీ" అంటాను. దాంతో కొందరు మొహం ముడుచుకుంటారు. "అబ్బో, పెద్ద విమర్శకుడు! ముందే చెబితే ఏం పోతుందో?" అని గొణుక్కుంటారు.

పోతుందండీ! అక్షరాలా ఇరవై వేల రూపాయలు పోయాయి. నావి కావు. అందుకే ఇంకా గుర్తున్నాయి.

ఆ కథ సినిమాది కాదు, ఒక వీడియో గేముది. అయితే అందులోని హీరోని మీరంతా ఎరుగుదురు. గాడ్జిల్లా!

అల్వాల్‌లో ఒక చీకటి గది

సికింద్రాబాదు జూబ్లీ బస్టాండు నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుని తిరుమలగిరి, లోతుకుంట దాటితే వచ్చేది మా అల్వాల్. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయేదాకా అది వేరే మునిసిపాలిటీ. ఆ రోజుల్లో నేను ఇంటర్మీడియెట్ కుర్రాణ్ణి. కాలేజీ ఎగ్గొట్టి సినిమాకు పోవడానికి డబ్బుల్లేని రోజున మా నలుగురు మిత్రుల మకాం ఒకటే. వెంకటేశ్వరస్వామి గుడికి పోయే దారిలోని ఒక గేమ్ పార్లరు.

పార్లరంటే ఏ హంగామానో ఊహించుకోకండి. ఒక షట్టరు గది, రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్-2 పెట్టెలు, ఒక టేబులు ఫ్యాను, గోడకి తోరణంలా వేలాడే వైర్లు. గంటకు మనిషికి ఇరవై రూపాయలు. దాని యజమానిని అందరం "అన్నా" అనే పిలిచేవాళ్ళం. ముప్పయ్యేళ్ళుంటాయేమో. కొత్తగా పెళ్ళయింది. ఏ ఆటకు ఎంతమంది వస్తున్నారో నోటుబుక్కులో గీతలు పెట్టి లెక్క రాసేవాడు. థియేటరు మేనేజరు కలెక్షను చూసుకున్నట్టే!

ఆ లెక్కలో మా గీతలన్నీ ఒకే ఆటకు పడేవి. 2004లో వచ్చిన 'గాడ్జిల్లా: సేవ్ ది ఎర్త్'. అమెరికాలోని పైప్‌వర్క్స్ అనే సంస్థ తయారుచేస్తే అటారి విడుదల చేసింది. నిజానికి అది రెండో భాగం. మొదటిది 2002లో వచ్చిన 'డిస్ట్రాయ్ ఆల్ మాన్‌స్టర్స్ మిలీ'. ఆ పేరుకు మూలం 1968 నాటి జపాను చిత్రం.

ఆటలో కథకేం గానీ, కొట్లాట అదిరిపోయేది! నువ్వు గాడ్జిల్లా, నేను మూడు తలల కింగ్ గిడోరా. ఎదురుగా ఒక మహానగరం. నచ్చిన మేడను పెకలించి అవతలివాడి నెత్తిన వేసెయ్యొచ్చు. ఇద్దరిద్దరం ఆడేవాళ్ళం. ఓడినవాడు లేచి రిమోటు ఇచ్చెయ్యాలి, గెలిచినవాడు కూర్చునే ఉండాలి. లేచినవాడి ఏడుపు మొహం చూడ్డానికే సగం మంది వచ్చేవారు.

ఆ బరువు ఎక్కడిది?

ఆ ఆటలో అంత మజా ఏమిటో అప్పుడు తెలియలేదు. తరువాత గాడ్జిల్లా సినిమాల సంగతులు చదివాక తెలిసింది. ఆ మజా పేరు బరువు!

1954లో ఇషిరో హోండా దర్శకత్వంలో జపాను తోహో సంస్థ మొట్టమొదటి 'గాడ్జిల్లా' తీసింది. అప్పట్లో కంప్యూటరు గ్రాఫిక్కులెక్కడివి? హరువో నకజిమా అనే నటుడు రాక్షసుడి వేషం తొడుక్కుని నటించాడు. ఆ మొదటి వేషం బరువు దాదాపు నూరు కిలోలట! లోపల ఊపిరాడదు, అడుగు పడదు. ట్రిక్ ఫోటోగ్రఫీ మాంత్రికుడు ఎయిజి సుబురయా బొమ్మ మేడలు కట్టించి, వాటి మధ్య ఆయన్ను నడిపించి, కెమెరాను మామూలు కంటే వేగంగా తిప్పించాడు. తెర మీద అది నెమ్మదిగా కనిపిస్తుంది. నెమ్మదిగా కదిలేది పెద్దదిగా తోస్తుంది. అంతే కిటుకు! ఇక ఆ గర్జన సంగతి. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబె, డబుల్ బేస్ వాద్యం తీగను వదులు చేసి, తోలు గ్లౌజుతో రుద్ది పుట్టించిన ధ్వని అది!

మన సంగతి చూడండి. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు అడుగు వేస్తే ఇవాళ్టికీ నేల అదిరినట్టే ఉంటుంది. మార్కస్ బార్ట్లే గారి కెమెరా పనితనం ఒక వంక, రంగారావు గారి నడకలోని తీరుబాటు మరో వంక. రాక్షసుడికి తొందర ఉండకూడదు. తొందరపడితే మనిషైపోతాడు!

'సేవ్ ది ఎర్త్' తయారుచేసినవాళ్ళకు ఈ రహస్యం తెలుసు. అందులో గాడ్జిల్లా పడితే లేవడానికి సమయం పట్టేది. చెయ్యి విసిరితే గాలి కోసుకుంటూ వచ్చేది. అది తగిలే లోపల మనకు గుండె దడ. నలుగురు కుర్రాళ్ళను ఒకే ఆటకు కట్టిపడేసింది ఆ దడే.

"మంచిగుంటదా తమ్మీ?"

2007 చివర్లో మూడో భాగం వచ్చింది. పేరు 'గాడ్జిల్లా: అన్‌లీష్డ్'. నింటెండో వారి 'వీ' అనే కొత్త పెట్టె మీద నలుగురూ ఒకేసారి ఆడొచ్చు. ఇరవైకి పైగా రాక్షసులు! ఒళ్ళంతా స్ఫటికాలున్న క్రిస్టలాక్, నిప్పురాళ్ళ అబ్సిడియస్ అని కొత్తవాళ్ళు ఇద్దరు! సైబర్ కేఫ్‌లో కూర్చుని ఆ బొమ్మలు చూసి చొంగ కార్చుకున్నవాణ్ణి నేనే. పార్లరుకు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ కబురు చెప్పినవాణ్ణీ నేనే.

అన్న బావమరిది న్యూజెర్సీలో ఉద్యోగం. 2008 వేసవిలో వస్తున్నాడు. అన్న నోటుబుక్కు తిరగేసి లెక్క కట్టాడు. పెట్టె 250 డాలర్లు. దాంతో ఒక్క జత రిమోటే వస్తుంది. మిగతా ముగ్గురికీ రిమోటు నలభై, దాని తోక ఇరవై, వెరసి 180. ఆట 50. మొత్తం 480 డాలర్లు. అప్పటి డాలరు నలభై రూపాయల లెక్కన ఇరవై వేలకు కాస్త తక్కువ.

"నలుగురు ఒక్కసారే ఆడితే గంటకు ఎనభై. ఇప్పుడు నలభయ్యే వస్తున్నది" అన్నాడు తనలో తాను. తరువాత నా వైపు తిరిగాడు. "నువ్వు ఇవన్నీ చదువుతవు గద! మంచిగుంటదా తమ్మీ?"

అప్పటికి నేను ఆ ఆట ఆడలేదు. ఆడినవాడి మొహం కూడా చూడలేదు. ఐనా రొమ్ము విరుచుకుని అన్నాను: "కండ్లు మూసుకొని తీస్కో అన్నా! సూపర్‌హిట్టే!"

అదీ, పాఠక మిత్రులారా, నా జీవితంలో మొదటి సమీక్ష!

అన్న చిట్టీ ఎత్తాడు. వాయిదాలు ఇంకా మిగిలి ఉండగానే, నష్టానికి పాడి మరీ ఎత్తాడు. ఆ సంగతి చాలాకాలం దాకా నాకు తెలియదు.

మొదటి రోజు హౌస్‌ఫుల్... నాలుగో రోజు?

పెట్టె దిగింది. అమెరికా కరెంటుకూ మన కరెంటుకూ పడదు కాబట్టి రాణిగంజ్ నుంచి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు తెచ్చాడు. డ్రాయింగు షీటు మీద స్కెచ్ పెన్నుతో నేనే పోస్టరు రాశాను: "గాడ్జిల్లా కొత్త పార్ట్ - నలుగురు ఒకేసారి!" మొదటి రోజు షట్టరు బయట దాకా క్యూ. అన్న మొహం పండగలా వెలిగిపోయింది.

మొదటి నలుగురిలో నేనున్నాను. మీట నొక్కి రిమోటును గాలిలో ఊపితే రాక్షసుడు కొట్టాలి. ఊపాను. కొట్టలేదు. ఇంకా గట్టిగా ఊపాను. పక్కవాడి మోచేతికి తగిలింది గానీ తెర మీద గిడోరాకు తగల్లేదు! ఆ ఇరుకు గదిలో నలుగురం చేతులు ఊపుతుంటే బయటివాళ్ళకు ఈగలు తోలుతున్నట్టు కనిపించి ఉంటుంది.

సరే, చేతులు అలవాటు పడతాయిలే అనుకున్నాం. పడ్డాయి కూడా. అప్పుడు అసలు లోపం బయటపడింది. కొత్త రాక్షసులున్నారు, పగలగొడితే బలమిచ్చే స్ఫటికాలున్నాయి, నాలుగు పక్షాల గొడవ ఉంది. లేనిదల్లా ఆ పాత దడ! తెర మీద నలుగురు గందరగోళంగా కలబడుతుంటే ఎవడు ఎవణ్ణి కొట్టాడో తెలియదు. దెబ్బ తగిలినా తగిలినట్టుండదు. రాక్షసులు దూది బొమ్మల్లా ఎగిరిపడుతున్నారు. ఓడినవాడు లేవక్కర్లేదు కాబట్టి ఏడుపు మొహం కూడా లేదు, చూసి నవ్వేవాడూ లేడు.

నాలుగో రోజుకి ఒక కుర్రాడు నోరు విప్పాడు. "అన్నా, పాతదే పెట్టు!"

ఆ మాట వినగానే అన్న నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. నోటుబుక్కు తీసి పాత పేజీలో గీత పెట్టాడు.

ఆ ఆట విషయంలో మేమేదో పెంకితనం చేశామనుకోవద్దు. విదేశీ విమర్శకులు కూడా ఆ రిమోటు ఊపుడు గురించీ, తడబడే కెమెరా గురించీ పెదవి విరిచారు. పైప్‌వర్క్స్ గాడ్జిల్లా వరుస ఆ మూడో భాగంతోనే ఆగిపోయింది.

సినిమాల్లోనూ ఇదే తంతు!

2013లో గియెర్మో దెల్ తోరో 'పసిఫిక్ రిమ్' తీశాడు. రాత్రి, వాన, సముద్రం. ఆ మరమనిషి పిడికిలి ఎత్తడానికే యుగం పట్టినట్టుంటుంది. అదే అందం! 2018లో మరో దర్శకుడి చేతిలో రెండో భాగం 'అప్‌రైజింగ్' వచ్చింది. పట్టపగలు, చకచకా గెంతే మరమనుషులు. అన్నీ స్పష్టంగా కనిపించాయి, ఏదీ బరువుగా తోచలేదు.

మన దగ్గరా అంతే. 'కిక్' (2009)కి ఈలలు వేసినవాళ్ళే 'కిక్ 2' (2015)కి ఇంటర్వెల్‌లో బయటికొచ్చి టీ తాగుతూ నిలబడ్డారు. 'గబ్బర్ సింగ్' (2012) పేరు మీద 'సర్దార్ గబ్బర్ సింగ్' (2016)కి పోయి ఉసూరుమన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. హీరో అతనే, హంగులు ఇంకా ఎక్కువే. మొదటిసారి మనల్ని సీటు అంచున కూర్చోబెట్టింది ఏమిటో అది మాత్రం ఎక్కడో జారిపోయింది. 2017లో 'బాహుబలి' రెండో భాగానికి జనం ఎందుకు ఎగబడ్డారు? మొదటి భాగం వేసిన ప్రశ్నను అది మరిచిపోలేదు కాబట్టి! ఏనుగులూ కోటలూ ఆ తరువాతి మాట.

రెండోసారి అడిగాడు

'వీ' పెట్టెను అన్న ఆర్నెల్లకు సగం ధరకు అమ్మేశాడు. నేను సిగ్గుతో పార్లరు వైపు పోవడం తగ్గించాను. ఒక సాయంత్రం గుడి దగ్గర ఎదురుపడ్డాడు. తప్పించుకోబోతే భుజం పట్టుకున్నాడు.

"ఎందుకు తిరుగుతలేవు? నువ్వు చెప్పింది తప్పయినందుకా? తప్పులు అందరివీ అయితయ్. సూడకుండ చెప్పినవ్ సూడు, గది తప్పు."

చిట్టీ సంగతి కూడా అప్పుడే చెప్పాడు. కోపంగా ఏం కాదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆ వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాడు.

2009లో ప్లేస్టేషన్-2కి 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట వచ్చింది. తయారుచేసింది మన హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్! విడుదల చేసింది సోనీ. "మనోళ్ళు చేసిండ్రట. ఎట్లుంటది?" అని అన్న మళ్ళీ నన్నే అడిగాడు. పొంగిపోయాను. నోటిదాకా వచ్చింది, "కండ్లు మూసుకొని..." అని. మింగేశాను. ఒక మిత్రుడి ఇంట్లో రెండు పూటలు ఆడి వచ్చి చెప్పాను. "మన ఊరి పేరు సూస్తే ముచ్చటైతది అన్నా. కానీ గదకు బరువు లేదు. మా గ్యాంగు ఒక్క వారం ఆడుతది, అంతే." అన్న తల ఊపి కొనడం మానుకున్నాడు. ఆ మాట చెప్పడానికి నాకెంత కష్టమైందో! హనుమంతుడాయె, హైదరాబాదాయె!

ఇప్పుడు ఆ షట్టరు గదిలో కర్రీ పాయింటు నడుస్తోంది. దాన్ని నడిపేది కూడా అన్నే. మొన్న వెళ్ళినప్పుడు 2022లో మలేషియా నుంచి వచ్చిన 'గిగాబాష్' అనే ఆట సంగతి చెప్పాను. నలుగురు రాక్షసులు ఒకేసారి కలబడొచ్చు, తరువాత గాడ్జిల్లానూ అందులో చేర్చారు.

అన్న పప్పు పొట్లం కడుతూ తలెత్తాడు.

"ఆడినవా?"

"ఆడిన అన్నా."

"గట్లయితే చెప్పు. ఎట్లుంది?"