తప్పుచేసే పాత్ర తనే వేసుకున్న భట్టీ

1989లో దూరదర్శన్‌లో 'ఫ్లాప్ షో' అనే హాస్య ధారావాహిక వచ్చింది. మొత్తం పది భాగాలే. తెలుగిళ్లలోనూ అప్పట్లో టీవీ అంటే దూరదర్శనే కాబట్టి, హిందీ అంతంతమాత్రంగా అర్థమయ్యేవాళ్లకు కూడా ఆ గడ్డం, తలపాగా మనిషి గుర్తుండిపోయాడు. ఆయనే జస్పాల్ భట్టీ. రాసిందీ, తీసిందీ, ముఖ్యపాత్ర వేసిందీ ఆయనే. నిర్మాత ఆయన భార్య సవితా భట్టీ, తెరమీద కూడా తరచూ భార్య పాత్ర ఆవిడదే.

భట్టీ 1955లో అమృత్‌సర్‌లో పుట్టారు. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదువుతూ 'నాన్సెన్స్ క్లబ్' పెట్టి, అవినీతి మీద వీధి నాటికలు ఆడారు. తర్వాత 'ట్రిబ్యూన్' పత్రికకు కార్టూన్లు గీశారు. ఆయన రాతను అర్థం చేసుకోవాలంటే ఈ కార్టూన్ల దగ్గరే కాసేపు ఆగాలి. కార్టూన్‌లో ఉపోద్ఘాతానికి చోటుండదు. చూడగానే ఎవడు ఎవణ్ని ముంచుతున్నాడో తెలిసిపోవాలి. దూరదర్శన్ పొద్దుటి ప్రసారాల్లో వచ్చిన ఆయన 'ఉల్టా పుల్టా' తునకలు ఆ కొలతకే కుట్టిన చొక్కాలు. వాటి తర్వాతే 'ఫ్లాప్ షో'.

అందులో పీహెచ్‌డీ మీద ఒక భాగం ఉంది. పరిశోధన చేద్దామని వచ్చిన విద్యార్థి గైడుగారింటి పనులన్నీ నెత్తిన వేసుకుంటాడు. థీసిస్ మాత్రం కదలదు. గైడు భట్టీయే. ఆయన కేకలు వేయడు, మీసం తిప్పడు. శిష్యుడు ఇంటిపని చేయడం విశ్వవిద్యాలయం పెట్టిన నియమమే అన్నంత మామూలుగా పురమాయిస్తాడు. మన వ్యంగ్య నాటికల్లో సాధారణంగా ఒక మంచివాడుంటాడు, చివర్లో నాలుగు నీతులు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు. భట్టీ ఆ పాత్రను రాయనేలేదు. తప్పుచేసేవాడి వైపు నుంచి కథ నడిపి, ఆ తప్పు వాడికి ఎంత సహజంగా కనిపిస్తోందో చూపించారు. నవ్వు అక్కడ పుడుతుంది. దొంగ మెడికల్ బిల్లులు పెట్టే ఉద్యోగుల కథ చూసి నవ్వినవాళ్లలో అలాంటి బిల్లులు పెట్టినవాళ్లూ ఉండే ఉంటారు.

పైగా ప్రతి భాగాన్నీ ఆ రోజు ఎవరిని ఉతకబోతున్నారో వాళ్లకే అంకితమిచ్చేవారు! చివర్లో సినిమా పాట బాణీకి పేరడీ. టైటిళ్లలో సొంత బృందం మీద కూడా చెణుకులే.

సర్కారీ చానల్లో ఇదంతా ఎలా సాగింది? ఆయన మంత్రుల జోలికి, పార్టీల జోలికి పోకుండా కాంట్రాక్టరునో, మీటింగుల ఆఫీసరునో పట్టుకున్నారు. జంకి అలా చేశారని నేననుకోను. జనానికి రోజూ తగిలేది వాళ్లే. ఇంకో మాట. అప్పటి పంజాబ్ నుంచి వచ్చేవి కాల్పుల వార్తలు, కర్ఫ్యూ వార్తలు. సర్దార్జీ అంటే జోకులో బకరా, లేదా వార్తలో అనుమానితుడు. అలాంటి రోజుల్లో ఒక సిక్కు మామూలు గుమాస్తాగా, ప్రొఫెసరుగా ఇంటింటికీ రావడం చిన్న విషయం కాదు.

తర్వాత 'ఫుల్ టెన్షన్' తీశారు. పాత పదును కొంత తగ్గిందనే నా అభిప్రాయం. 1999లో పంజాబ్ పోలీసుల మీద 'మాహౌల్ ఠీక్ హై' అనే పంజాబీ సినిమా తీశారు. హిందీ సినిమాల్లోనూ నటించారు. 2006 నాటి 'ఫనా' అందులో ఒకటి. కానీ బొంబాయి వాళ్లు ఆయన తలపాగాను వాడుకున్నారు, కలాన్ని వాడుకోలేదు.

వీధిని మాత్రం ఆయన ఎన్నడూ వదల్లేదు. ధరలు మండిపోతున్నప్పుడు చండీగఢ్‌లో ఒక స్టాలు పెట్టారు. బల్లమీద కూరగాయలు, పప్పు, నూనె. జాతరలో సబ్బుల మీదికి రింగులు విసిరినట్టు విసరాలి, పడితే ఆ సరుకు మీదే.

చివరి సినిమా 'పవర్ కట్', కరెంటు కోతల మీద. దాని ప్రచారానికి తిరుగుతుండగా 2012 అక్టోబర్ 25న జలంధర్ జిల్లా షాకోట్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయారు. సినిమా మర్నాడే విడుదలైంది. 2013లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ప్రకటించింది.