వానలోనే పోయే వైఫై

2020 అక్టోబర్ 13న కురిసిన కుంభవృష్టికి హైదరాబాద్ బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. అదే వాన ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు దాటింది. నగరానికీ శివారుకూ మధ్యే ఇంత తేడా! రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి కాబట్టే ఇలాంటి తేడాలు బయటపడుతున్నాయి. కానీ మధురానగర్ చుట్టుపక్కల వాళ్లకు ఇంకాస్త దగ్గరి లెక్క కావాలి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద పడ్డ నీళ్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు పల్లానికి దూకుతాయి. పైన ఏ నిమిషంలో ఎంత జోరుగా కురిసిందో తెలిస్తే, కింద సెల్లార్‌లోంచి బండి తీసుకునే వ్యవధైనా దొరుకుతుంది.

ఆ లెక్క మన డాబా మీదే తీయొచ్చు. వర్షమాపకంలో గరాటు కింద అటూ ఇటూ ఒరిగే జంట దొప్పలు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది ధార కిందికి వస్తుంది. వాటికి అతికించిన చిన్న అయస్కాంతం రీడ్ స్విచ్ ముందు నుంచి సాగిపోతూ ఒక్క టిక్ ఇస్తుంది. చాలా రకాల్లో ఒక్కో టిక్కు 0.2 మిల్లీమీటర్ల వాన. నిమిషంలో పది టిక్కులు పడ్డాయంటే వాన గంటకు 120 మిల్లీమీటర్ల జోరు మీద ఉన్నట్టు. ఈ టిక్కులను లెక్కపెట్టి దాచడానికి కావలసిన ఈఎస్‌పీ32 లాంటి వైఫై బోర్డులు, మెమరీ కార్డు మాడ్యూళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

కష్టమల్లా ఆ అంకెల్ని ఇంటర్నెట్‌కు ఎక్కించడంలోనే. ఈఎస్‌పీ8266, తొలి ఈఎస్‌పీ32 చిప్‌లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ మాత్రమే పెట్టుకుంటే వాటికి మన నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు. పైగా హాల్లో ఉన్న రూటర్‌కూ డాబాకూ మధ్య ఇనుప ఊచల స్లాబు, నీళ్ల ట్యాంకు అడ్డం. నీరు ఈ తరంగాలను బాగా పీల్చేస్తుంది. వైఫై ఆన్‌లో ఉంచితే బోర్డు సుమారు 75 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 2,500 ఎంఏహెచ్ బ్యాటరీ ఒకటిన్నర రోజు కూడా రాదు. అందుకే బోర్డును గాఢనిద్రలో ఉంచాలి. ఇక్కడే ఈఎస్‌పీ32 మేలు: అయస్కాంతం టిక్కుమన్నప్పుడు లేచి, లెక్క రాసుకుని మళ్లీ పడుకోగలదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. పెద్ద వాన మొదలవగానే కరెంటు పోతుంది, దాంతో రూటరూ ఆగిపోతుంది. ఏ గంట లెక్క కోసం ఇదంతా కట్టామో ఆ గంటలోనే దారి మూసుకుపోతుంది. కాబట్టి ఈ పరికరం, అంటే డేటా లాగర్, ముందు రాసుకోవాలి, తర్వాతే పంపాలి. ప్రతి టిక్కునూ సమయంతో సహా మెమరీ కార్డులో వేసుకుని, నెట్ రాగానే బకాయిలన్నీ ఒక్కసారి పంపేయాలి. సమయానికి డీఎస్3231 గడియారం చిప్ చాలు. నాణెం బ్యాటరీ మీద నడుస్తూ ఏడాదికి నిమిషం అటూ ఇటూ తేడాతో ఉంటుంది. పంపడం మీదే ఆధారపడి, రాసుకోవడం మరిచిన పరికరాన్ని నేనైతే లాగర్ అనను.

అయితే బండి తీసుకోవాలంటే లెక్క అప్పటికప్పుడే అందాలి కదా. దానికి లోరా రేడియో మంచి మార్గం. మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్ పట్టీని, శక్తి పరిమితులకు లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. వేగం చాలా తక్కువే. కానీ వాన లెక్కకు ఇరవై బైట్లు చాలు, వైఫై చేరలేని దూరం ఇది చేరుతుంది. జూబ్లీహిల్స్ రాతిగుట్టలు అడ్డొస్తే మాత్రం ఇదీ తడబడుతుంది. అందుకని ఇన్వర్టర్ ఉన్న ఇంటి డాబా మీద, ఎత్తున, లోరా సంకేతాలను నెట్‌కు చేర్చే గేట్‌వే పెట్టాలి. సిమ్ మాడ్యూల్ మరో దారి. చవగ్గా దొరికే సిమ్800ఎల్ 2జీ రకం, జియోకు 2జీ లేదు కనుక ఆ సిమ్ అందులో పనిచేయదు. పైగా సిగ్నల్ పంపే క్షణంలో అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి వైర్లతో కరెంటు ఇస్తే పదేపదే రీసెట్ అవుతుంది.

సర్వర్ సంగతీ ముందే చూసుకోవాలి. బకాయి లెక్కలను అవి చేరిన సమయంతో కాకుండా, వాన పడిన సమయంతోనే నమోదు చేసుకునే సేవ కావాలి. థింగ్‌స్పీక్‌లో ఆ వీలుంది.